కాంచనగంగ బేస్ క్యాంప్‌కు పోవాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల సంచికలో నేపాల్ తూర్పు కొసన ఉన్న కాంచనగంగ ఉత్తర బేస్ క్యాంప్, అంటే 5,143 మీటర్ల ఎత్తులోని పాంగ్‌పెమాకు నడక గురించి రాశాం. అప్పటి నుంచి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. ఎక్కువ భాగం వరంగల్, కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు నుంచే. ఒకే తరహా ప్రశ్నలను కలిపేశాను. ఆరోగ్యానికి సంబంధించినవి చాలా ఉన్నాయి కాబట్టి వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: హన్మకొండలో టీచర్‌ని. వేసవి సెలవులు పోతే మాకు దొరికే పెద్ద సెలవులు దసరాకే, రెండు వారాలకు కాస్త అటూ ఇటూ. ఒక ఏజెన్సీ వాళ్లు తాప్లేజుంగ్ నుంచి తాప్లేజుంగ్‌కు పది రోజుల్లో బేస్ క్యాంప్ చూపించి తెస్తామంటున్నారు. వెళ్లిరావచ్చా సార్?

వద్దు సార్. మీ ఒంట్లో బలం సరిపోదని కాదు, ఆ పది రోజుల్లో మీ ఒంటికి అలవాటు పడే సమయం లేదని చెబుతున్నాను.

లెక్క చూడండి. తాప్లేజుంగ్ 1,800 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి సెకాథుమ్ దాకా జీపులో పోవచ్చు, అది ఇంకా కింద లోయలో ఉంటుంది. తర్వాత అమ్‌జిలోసా, గ్యాబ్లా, అక్కడి నుంచి ఘున్సా. ఘున్సా దాదాపు 3,500 మీటర్లు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. 3,000 మీటర్లు దాటాక రోజు రోజుకూ పడుకునే చోటు 500 మీటర్లకు మించి పెరగకూడదు, ప్రతి వెయ్యి మీటర్లకూ ఒక రోజు అదనంగా ఆగాలి అన్నది పర్వత వైద్యులు ఇచ్చే సలహా. పగలు ఎంత పైకి పోయి వచ్చినా ఫర్వాలేదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే లెక్క. ఘున్సాలో రెండు రాత్రులు, ఆ పైన 4,100 దగ్గర ఉన్న ఖంబాచెన్‌లో రెండు రాత్రులు ఉండాలి. ఎందుకంటే తర్వాతి మజిలీ లోనక్ 4,780 మీటర్లు, ఒక్క రోజులోనే 600 మీటర్లకు పైగా ఎక్కుడు, మధ్యలో ఆగడానికి సరైన చోటు లేదు. లోనక్‌లో పడుకుని పొద్దున్నే పాంగ్‌పెమా పోయి, చూసుకుని, మళ్లీ లోనక్‌కే రావాలి. దిగేటప్పుడు తొందరగానే దిగొచ్చు. ఇదంతా కలిపితే తాప్లేజుంగ్ నుంచి తాప్లేజుంగ్‌కు 13 రోజులు, వానకో మంచుకో కొండచరియలకో ఇంకో రెండు రోజులు చేతిలో పెట్టుకుంటే 15. ఇక వరంగల్ నుంచి హౌరా మీదుగా న్యూ జల్‌పాయ్‌గురి దాకా రైలు, సిలిగురి నుంచి కాకర్‌భిట్టా దగ్గర సరిహద్దు దాటి, కొండ రోడ్డు మీద జీపులో తాప్లేజుంగ్. పోను మూడు నాలుగు రోజులు, రాను మూడు నాలుగు రోజులు. అంటే మూడు వారాలు పైమాటే. దక్షిణ బేస్ క్యాంప్ వైపు కూడా కనుమలు దాటి చూసి వద్దామంటే ఇంకో వారం వేసుకోండి.

మరి ఏజెన్సీ పది రోజులు ఎలా అంటోంది? ఘున్సాలో ఒక రాత్రి, ఖంబాచెన్‌లో ఒక రాత్రి, దిగేటప్పుడు ఇంకో రోజు కోసేసింది, అంతే. కాగితం మీద కోస్తే ఏమీ కాదు. చాలామంది ఎలాగో లాగించి వచ్చేస్తారు కూడా, వచ్చినవాళ్లే ఫొటోలు పెడతారు కాబట్టి పది రోజులు చాలని మనకు అనిపిస్తుంది.

ఇంకో సంగతి. మనకు బతుకమ్మ, దసరా ఎప్పుడో నేపాల్‌లో దశైన్ కూడా అప్పుడే. అది వాళ్లకు ఏడాదిలోకెల్లా పెద్ద పండుగ. గైడ్లు, పోర్టర్లు ఇళ్లకు పోతారు, బస్సులు, జీపులు కిక్కిరిసి ఉంటాయి. సద్దుల బతుకమ్మ రోజు మనల్ని ఇల్లు వదిలి బరువులు మోయమంటే ఎట్లుంటుందో వాళ్లకూ అట్లనే ఉంటుంది. వీలైతే పండుగ అయిపోయాక బయలుదేరండి. ఆకాశం అప్పుడే ఇంకా తేటగా ఉంటుంది.

మీకు రెండు వారాలే ఉన్నాయి కాబట్టి నా మాట విని ఈసారికి పశ్చిమ బెంగాల్‌లోని సందక్‌ఫూ పోయిరండి. మానేభంజాంగ్ నుంచి సింగలీలా గట్టు మీదుగా నడక, ఎత్తు 3,636 మీటర్లు. ఆకాశం తెరిపిస్తే కాంచనగంగ మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, పశ్చిమాన ఎవరెస్ట్, లోత్సే, మకాలు కూడా. పాంగ్‌పెమాకు మాత్రం ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవులు) కూడబెట్టుకుని, ముందుగా అనుమతి తీసుకుని ఏదో ఒక ఏడాది అక్టోబరు చివర వెళ్లండి.

ప్రశ్న: మందమర్రిలో సింగరేణి కార్మికుణ్ణి, 46 ఏళ్లు. అండర్‌గ్రౌండ్‌లో పని, ఒళ్లు గట్టిదే. రోజూ జిమ్‌కు పోత. మాలాంటోళ్లకు ఎత్తు లెక్కగాదని దోస్తులు అంటున్నరు. నిజమేనా అన్నా?

కాదు అన్నా. కండబలానికీ ఎత్తుకు తట్టుకోవడానికీ సంబంధం లేదు. పాంగ్‌పెమాలో గాలిలో ఆక్సిజన్ శాతం ఇక్కడ ఉన్నంతే, దాదాపు 21. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్ర మట్టం దగ్గర ఉన్నదాంట్లో అక్కడ సగానికి కొంచెం ఎక్కువే ఉంటుంది. అంటే ప్రతి ఊపిరికీ ఒంట్లోకి పోయే ఆక్సిజన్ సగం దగ్గరికి పడిపోతుంది. దానికి శరీరం చేసే సర్దుబాట్లు కొన్ని గంటల్లో మొదలై రోజులూ వారాలూ సాగుతాయి: ఊపిరి వేగం పెరుగుతుంది, మూత్రపిండాలు రక్తంలోని రసాయనాలను సరిచేస్తాయి, తర్వాత ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. జిమ్‌కు పోయినంత మాత్రాన ఇది తొందరగా జరగదు. నిజానికి గట్టి మనుషులకే ఒక ప్రమాదం ఉంది. కాళ్లలో సత్తా ఉంటుంది కాబట్టి వేగంగా నడిచి, ఒళ్లు అలవాటు పడకముందే పైకి చేరిపోతారు.

మీ విషయంలో నేను ముందు చూడమనేది ఊపిరితిత్తులు. ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ములో పనిచేశారు. కంపెనీ ఆసుపత్రిలో చేసే పీరియాడికల్ మెడికల్ రిపోర్టులు ఇంట్లో ఉంటే తీయండి. ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరి సత్తా కొలిచే పరీక్ష) కొత్తగా చేయించుకుని పల్మనాలజిస్టుకు, అంటే ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించండి, 5,000 మీటర్ల దాకా పోతున్నానని స్పష్టంగా చెప్పండి. అంతా బాగుందంటే హాయిగా పోవచ్చు. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే ఇప్పటి నుంచే మానండి.

ప్రశ్న: ఉట్నూరు దగ్గరి గూడెం మాది. డిగ్రీ చదువుతున్న. ఐటీడీఏ క్యాంపులో రక్తపరీక్ష చేసి సికిల్ సెల్ ట్రెయిట్ ఉందన్నరు, జబ్బేం కాదు, మామూలుగానే ఉండొచ్చని చెప్పిన్రు. ఎన్‌సీసీలో ట్రెక్కింగ్ చేసిన. బేస్ క్యాంప్ పోవచ్చా?

తమ్ముడూ, ఈ ప్రశ్న అడిగి చాలా మంచి పని చేశావు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు నుంచి ట్రెక్కింగ్‌కు వెళ్లాలనుకునే ప్రతి ఒక్కరూ ఈ జవాబు చదవాలని నా కోరిక.

సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. ట్రెయిట్ అంటే అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చిందని. మన ఊళ్లో, మన ఎత్తులో దాంతో బతుకంతా ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోవచ్చు, డాక్టర్లు నీకు చెప్పింది నిజమే. కానీ ఆక్సిజన్ బాగా తగ్గిన చోట, పైగా ఒంట్లో నీళ్లు తగ్గి, శ్రమ కూడా ఎక్కువైనప్పుడు, ట్రెయిట్ ఉన్నవాళ్లలో కూడా ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి ప్లీహంలో రక్తప్రసరణకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ఎడమ వైపు పక్కటెముకల కింద ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, వాంతులు, జ్వరం వస్తాయి. అందరికీ వస్తుందని కాదు, చాలామంది ట్రెయిట్‌తో ఎత్తులకు పోయి క్షేమంగా వచ్చారు. కానీ వచ్చిందా, ఖంబాచెన్ పైన నీకు దగ్గర్లో ఆసుపత్రి లేదు.

కాబట్టి హెమటాలజిస్టుకు, అంటే రక్త జబ్బుల డాక్టర్‌కు చూపించుకోకుండా అడ్వాన్సు కట్టొద్దు. వరంగల్ ఎంజీఎంలోనో హైదరాబాద్‌లోనో చూపించుకో. నా అభిప్రాయం అడిగితే, మొదటిసారే 5,000 మీటర్లకు పోకుండా, రోడ్డుకు దగ్గరగా ఉండి గంటల్లో కిందికి దిగగలిగే 3,000 మీటర్ల లోపు నడకలతో మొదలుపెట్టు. ఏజెన్సీ ఫారంలో ఈ సంగతి దాచొద్దు. ఆ ఎడమ పక్క నొప్పి వస్తే గ్యాస్ అనుకుని టాబ్లెట్ వేసి పడుకోబెట్టకుండా గైడు నిన్ను వెంటనే కిందికి దించాలంటే అతనికి ముందే తెలిసి ఉండాలి.

ఇక సికిల్ సెల్ జబ్బే ఉన్నవాళ్లు, అంటే ఇద్దరి నుంచీ జన్యువు వచ్చినవాళ్లు, ఇలాంటి ఎత్తులకు పోకూడదు. ఇంతవరకు పరీక్ష చేయించుకోనివాళ్లు ముందు చేయించుకోండి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్ష చేస్తున్నారు.

ప్రశ్న: కరీంనగర్ నుంచి మేం ఆరుగురం ఫ్రెండ్స్ పోతున్నాం, అందరం బీటెక్. డయామాక్స్ వేసుకుంటే ఏ టెన్షన్ ఉండదని ఒకరు, వేసుకుంటే ఇంకా ప్రమాదమని ఒకరు అంటున్నారు. అలాగే తలనొప్పి వస్తే ఎప్పుడు పట్టించుకోవాలి, ఎప్పుడు వదిలేయాలి?

డయామాక్స్ అంటే ఎసిటజోలమైడ్. అది నొప్పిని దాచిపెట్టే మందు కాదు. ఒళ్లు అలవాటు పడే ప్రక్రియనే వేగంగా జరిగేలా చేస్తుంది, రాత్రిపూట నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం కూడా తగ్గుతుంది. నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తు ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి ఇస్తారు. వేళ్ల కొసల్లో తిమ్మిరి వస్తుంది, మూత్రానికి ఎక్కువసార్లు పోవాలి, కూల్‌డ్రింక్ చప్పగా అనిపిస్తుంది. ఇవి మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు మాత్రం డాక్టర్‌తో మాట్లాడకుండా ముట్టుకోవద్దు. ఆరుగురూ డాక్టర్ దగ్గరికి పోయి రాయించుకోండి, ఒకరి చీటీతో ఆరుగురు కొనుక్కోవద్దు. ఒక రెస్టు రోజు కోసేసి దాని బదులు ఈ టాబ్లెట్ వేసుకోవడం మాత్రం ఏ లెక్కనా సరికాదు.

ఇప్పుడు తలనొప్పి. కొత్త ఎత్తుకు చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, దాంతోపాటు వికారం, నీరసం, తల తిప్పడం, వీటిలో ఏదైనా ఉంటే దాన్ని ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అనే అనుకోండి. చలికి వచ్చిందనో, ఎండకు వచ్చిందనో, రాత్రి తిన్న గుడ్డు పడలేదనో కారణాలు వెతకొద్దు. ఉన్నచోటే ఆగండి. నీళ్లు తాగి, పారాసిటమాల్ వేసుకుని విశ్రాంతి తీసుకోండి. తగ్గితే మర్నాడు పైకి, తగ్గకపోతే ఇంకో రోజు అక్కడే. పెరిగితే కిందికి. లక్షణాలు ఉండగా పైన పడుకోవడానికి పోకూడదు, ఇది మారని నియమం.

రెండు సందర్భాల్లో అయితే ఆగడం కూడా లేదు, వెంటనే దిగాలి. ఒకటి మెదడులో వాపు. మనిషి మాట తడబడుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు ఇస్తాడు, తాగినవాడిలా తూలుతాడు. నేల మీద గీత గీసి, మడమకు రెండో కాలి వేళ్లు తాకిస్తూ నడవమనండి. ఇంతకుముందు నడిచినవాడు ఇప్పుడు నడవలేకపోతే మెదడు దెబ్బతింటోందని అర్థం. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కొత్త ఎత్తుకు చేరాక రెండో రాత్రి ఎక్కువగా బయటపడుతుంది. కూర్చున్నా పడుకున్నా ఆయాసం తగ్గదు, పొడి దగ్గు వస్తుంది, తర్వాత నురగతో, ఎర్రటి జీరతో కళ్లె పడొచ్చు, పెదవులు నీలంగా మారతాయి. దీనికి అసలు తలనొప్పి ఉండకపోవచ్చు, అందుకే చాలామంది జలుబనుకుంటారు. ఈ రెంట్లో ఏది వచ్చినా అర్ధరాత్రి అయినా సరే టార్చి వేసుకుని దించాల్సిందే, తెల్లవారనీ అనొద్దు, హెలికాప్టర్ వస్తుందని కూర్చోవద్దు. మబ్బు పడితే హెలికాప్టర్ రాదు. వెయ్యి మీటర్లు దిగేసరికే చాలామంది తేరుకుంటారు. మెదడు వాపుకు ఇచ్చే డెక్సామెథాసోన్, ఊపిరితిత్తుల్లో నీటికి ఇచ్చే నిఫెడిపిన్ గైడు దగ్గర ఉన్నాయా, ఎప్పుడు ఎంత ఇవ్వాలో అతనికి తెలుసా అని బయలుదేరే ముందే అడగండి. అవి ఉన్నా దిగడం దిగడమే.

మీరు ఆరుగురు దోస్తులు కాబట్టి ఇంకో మాట. మన పోరగాళ్లలో నాకు ఎక్కువ భయం వేసేది మందుల గురించి కాదు, పరువు గురించి. ఒక్కడి వల్ల అందరి ట్రిప్పు చెడిపోతుందని వాడు తలనొప్పి దాస్తాడు, వాడు దాస్తున్నాడని తెలిసినా మిగతావాళ్లు గమ్మున ఉంటారు. అందుకని కరీంనగర్‌లోనే, ఇంకా టికెట్లు తీయకముందే, ఆరుగురూ కూర్చుని రెండు విషయాలు ఒప్పుకోండి. ఎవరికి బాగాలేకపోయినా ఒక దోస్తు, ఒక పోర్టర్ అతనితో కిందికి దిగాలి, ఒంటరిగా పంపకూడదు. ఆ దిగే దోస్తు ఎవరో పేరుతో సహా ఇప్పుడే రాసుకోండి. అతను శిఖరం చూడలేకపోయినా తర్వాత ఎవరూ దెప్పకూడదు. ఇందుకోసమే ఇద్దరు గైడ్లు, ముగ్గురు పోర్టర్లు ఉండేలా చూసుకోండి. ఆరుగురికి ఒక్కడే గైడు అంటే ఒకడు పడిపోయిన రోజు మిగతా ఐదుగురికి దారి చూపేవాడు ఉండడు.

ప్రశ్న: నిజామాబాద్ దగ్గర మా ఊరు. మా బిడ్డ గురుకులంలో ఇంటర్ చదువుతోంది, 16 ఏళ్లు. పూర్ణలాగా తానూ కొండలెక్కుతానంటోంది. ముందు బేస్ క్యాంప్‌కు పంపమని ఒకటే పోరు. పంపాలంటే భయంగా ఉంది.

మీ భయం సహజమే అమ్మా, కానీ బిడ్డ కోరిక కూడా మంచిదే. మాలావత్ పూర్ణ మీ జిల్లా పాకాల ఊరి పిల్లే. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో, అప్పటి ఖమ్మం జిల్లా పిల్లాడు సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. ఇద్దరూ గురుకుల పిల్లలే. మనవాళ్లు చాలామంది మరిచిపోయేది ఏమిటంటే వాళ్లు నేరుగా ఎవరెస్ట్‌కు పోలేదు. భువనగిరి బండ మీద తాళ్లతో ఎక్కడం నేర్చుకున్నారు, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత చలికాలం లదాఖ్. ఒక్కో మెట్టు దగ్గర కొందరిని ఏరి, వాళ్లనే పై మెట్టుకు తీసుకుపోయారు.

మీ అమ్మాయినీ అదే దారిలో పంపండి. మొదట భువనగిరి రాక్ క్లైంబింగ్. అది నచ్చి, క్రమశిక్షణ కుదిరితే డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్. 1954లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అది, టెన్జింగ్ నార్గే అక్కడే శిక్షణ ఇచ్చేవారు. వాళ్ల బేసిక్ కోర్సు 28 రోజులు. వయసు నిబంధన ఉంటుంది కాబట్టి ముందు అక్కడికే రాసి తెలుసుకోండి, చిన్నవాళ్లకు వేరే కోర్సులూ పెడుతుంటారు. ఏజెన్సీకి డబ్బు కట్టి బేస్ క్యాంప్ చూసి రావడం కంటే అక్కడ నేర్చుకునేదే ఆమెకు జీవితాంతం పనికొస్తుంది. కాంచనగంగ దారికి మాత్రం ఇప్పుడే వద్దమ్మా.

ప్రశ్న: కాజీపేట మాది. చుట్టూ చదునే. హిమాలయాలకు ఇక్కడ ఎట్లా తయారవ్వాలి?

చదునెక్కడిది? మడికొండ మెట్టుగుట్ట మీకు పక్కనే ఉంది, హన్మకొండలో పద్మాక్షి గుట్ట ఉంది, కాస్త దూరం పోతే కొండగట్టు మెట్లు, రేగొండ దగ్గర పాండవుల గుట్ట, పెద్దపల్లి వైపు రామగిరి ఖిల్లా. నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. వారంలో నాలుగు రోజులు గంట చొప్పున వేగంగా నడక, పక్కవాడితో ఆగకుండా మాట్లాడగలిగేంత వేగం చాలు. భద్రకాళి బండ్ మీదో కేయూ క్యాంపస్‌లోనో నడవండి. ఆదివారం గుట్ట. మూడో నెల నుంచి వరసగా రెండు రోజులు గుట్ట ఎక్కడం అలవాటు చేసుకోండి. మొదటి రోజు అందరూ నడుస్తారు, రెండో రోజు నొప్పులతో నడవడమే అసలైన సాధన.

బ్యాగులో నీళ్ల బాటిళ్లు నింపుకుని బరువుతో ఎక్కండి, పైకి చేరాక ఆ నీళ్లు అక్కడి చెట్లకు పోసి ఖాళీ బ్యాగుతో దిగండి. మోకాళ్లు దెబ్బతినేది ఎక్కేటప్పుడు కాదు, బరువుతో దిగేటప్పుడు. తొడ కండరాలు గట్టిపడేందుకు మెల్లగా మెట్లు దిగడం వేరుగా సాధన చేయండి. బూట్లు ఇప్పుడే కొని, అవే వేసుకుని ఇవన్నీ చేయండి. ఎత్తుకు అలవాటు పడటం మాత్రం ఇక్కడ ఏం చేసినా రాదు. వరంగల్ 300 మీటర్లు కూడా లేదు. దాని కోసం ఘున్సా, ఖంబాచెన్ రాత్రులే దిక్కు.

ప్రశ్న: అన్నం లేకపోతే ఉండలేను. అక్కడ ఏం దొరుకుతుంది? ఏం పట్టుకుపోవాలి? (పెద్దపల్లి)

అన్నం దొరుకుతుంది, దిగులు వద్దు. పప్పు, అన్నం, ఆలుగడ్డ కూర, దాన్నే దాల్‌భాత్ అంటారు, పొద్దున సాయంత్రం అదే. పైకి పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, లోనక్‌లో 84 డిగ్రీల దగ్గరే, అందుకని ప్రెషర్ కుక్కర్ లేకపోతే బియ్యం సరిగా ఉడకవు. మాంసం మాత్రం ఘున్సా దాటాక వద్దు, ఎన్ని రోజులు మోసుకొచ్చిందో తెలియదు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, నోటికి ఏదీ రుచించదు, అప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్నదే పనికొస్తుంది. కారం పొడి, నువ్వుల పొడి, చిన్న సీసాలో ఆవకాయ. సకినాలు పాడవవు, బరువుండవు. మలీద ముద్దలు, పల్లిపట్టీలు దారిలో జేబులో పెట్టుకోండి. సర్వపిండి రైలు వరకే. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగాలి, మరిగించినవో క్లోరిన్ బిళ్ల వేసినవో. మద్యం, అక్కడివాళ్లు చిరుధాన్యాలను పులియబెట్టి చేసే తోంగ్బా కూడా, దిగి వచ్చేదాకా ముట్టుకోవద్దు.

ప్రశ్న: వరంగల్ నుంచి మేం నలుగురు ఆడవాళ్లం వెళ్లాలనుకుంటున్నాం. నెలసరి వస్తే ఎలా? టాయిలెట్లు ఉంటాయా? ఎవరినీ అడగలేక మీకు రాస్తున్నాను.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా, ప్రతి ట్రెక్కింగ్ మీటింగులో ముందు చెప్పాల్సిన విషయం ఇది. ఎత్తు వల్ల, శ్రమ వల్ల నెలసరి ముందుకో వెనక్కో జరగొచ్చు కాబట్టి తేదీ కాకపోయినా సామాను దగ్గర పెట్టుకోండి. మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటున్నవాళ్లకు అది చాలా సౌకర్యం, కానీ మూడు నెలల ముందు నుంచే ఇంట్లో వాడి అలవాటు చేసుకోండి, అక్కడ మొదలుపెట్టొద్దు. ప్యాడ్లైతే వాడినవి కాగితంలో చుట్టి, జిప్ ఉన్న నల్ల సంచిలో వేసి, కిందికి తెచ్చేయాలి. బొందలో పాతితే చలికి కుళ్లవు, లాడ్జి పొయ్యిలో వేయొద్దు, చాలా ఇళ్లలో పొయ్యిని దేవుడిలా చూస్తారు. వాయిదా టాబ్లెట్లు వేసుకోవాలనుకుంటే గైనకాలజిస్టును అడిగే వేసుకోండి. కొన్నింటి వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం కాస్త పెరుగుతుంది, ఎత్తులో నీళ్లు తక్కువ తాగితే అది ఇంకా మంచిది కాదు.

టాయిలెట్లు లాడ్జి బయట చెక్క గదులు, పైకి పోయేకొద్దీ ఇంకా చిన్నవి. దారిలో రాళ్ల చాటే. మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లను చాలామందిని చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు. మీ నలుగురూ గైడుతో ముందే చెప్పండి, గంటకోసారి ఆగుదాం అని. మహిళా గైడు కావాలని ఏజెన్సీని అడగండి, నేపాల్‌లో ఇప్పుడు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: 62 ఏళ్లు, రిటైరయ్యాను. షుగర్, బీపీ రెండూ అదుపులో ఉన్నాయి. (జగిత్యాల)

వయసు అడ్డం కాదు సార్. ట్రెడ్‌మిల్ టెస్టు చేయించండి, కంటి డాక్టర్‌తో రెటీనా చూపించండి. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని ఉంటే ఎత్తుకు పోవడం మంచిది కాదు. ఇన్సులిన్ గడ్డకడితే పాడైపోతుంది, మళ్లీ కరిగినా పనిచేయదు, కాబట్టి పగలు జాకెట్ లోపల, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి. గ్లూకోమీటర్ కూడా చలికి తప్పు చూపిస్తుంది, ఒంటి వేడికి పెట్టి తర్వాత వాడండి. బీపీ పైకి పోయాక కొంత పెరుగుతుంది, మాత్రలు సొంతంగా మార్చొద్దు. మీకు నేను చెప్పేది ఒక్కటే, అందరికీ రెండు రెస్టు రోజులైతే మీరు నాలుగు పెట్టుకోండి. రిటైరయ్యారు కదా, రోజులు మీ చేతిలోనే ఉన్నాయి, అది మాలాంటివాళ్లకు లేని భాగ్యం.

ప్రశ్న: ఎవరెస్ట్ బేస్ క్యాంప్ మంచిదా, ఇది మంచిదా? (మంచిర్యాల)

మొదటిసారి అయితే ఎవరెస్టే. అది 5,364 మీటర్లు, ఇంకా ఎత్తే, కానీ దారి పొడుగునా ఊళ్లు, లాడ్జీలు ఉంటాయి, ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్లు సీజన్లో వైద్య కేంద్రం నడుపుతారు. కాంచనగంగ దారిలో అలాంటి ఆసరా లేదు, జనం తక్కువ, ఘున్సా దాటాక ఫోన్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఇంతకుముందు 4,000 మీటర్లు దాటి, ఒంటి తీరు తెలిసినవాళ్లకే ఇది. అలాంటివాళ్లకు మాత్రం దీనికి సాటి లేదంటాను. ఖంబాచెన్‌లో రెస్టు రోజున తల పైకెత్తితే కుంభకర్ణ శిఖరం, 7,710 మీటర్లు, నిట్టనిలువుగా. అక్కడి లింబు ప్రజలకు అది పవిత్రమైనది. కాంచనగంగ కూడా అంతే. 1955 మే 25న మొదటిసారి ఎక్కిన జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ సిక్కిం ప్రజల నమ్మకాన్ని గౌరవించి చిట్టచివరి కొన మీద కాలు పెట్టకుండా కొన్ని అడుగుల కిందే ఆగారు. డ్రోన్ ఎగరేసి, శిఖరం ముందు అరిచి రీళ్లు తీసేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని పోతే బాగుంటుంది.

ప్రశ్న: అనుమతులు, ఖర్చు, పోర్టర్ల గురించి చెప్పండి. శాటిలైట్ ఫోన్ కొనమంటారా? (వరంగల్)

శాటిలైట్ ఫోన్ గానీ శాటిలైట్ మెసేజ్ పరికరం గానీ లైసెన్సు లేకుండా మన దేశంలో దగ్గర పెట్టుకోవడం నేరం, ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. నేపాల్ ఏజెన్సీని అక్కడే ఏర్పాటు చేయమనండి.

కాంచనగంగ దారి ప్రత్యేక అనుమతి ఉంటేనే పోనిచ్చే (రెస్ట్రిక్టెడ్) ప్రాంతం లెక్కలోకి వస్తుంది. గైడు లేకుండా, రిజిస్టరయిన ఏజెన్సీ ద్వారా కాకుండా అనుమతి రాదు. దాని రుసుము వారానికి 20 డాలర్ల లెక్కన ఉంటుంది, కాంచనగంగ సంరక్షణ ప్రాంతానికి వేరే టికెట్. సరిహద్దు దాటడానికి ఓటరు కార్డు సరిపోయినా అనుమతి కాగితాల కోసం పాస్‌పోర్టు ఉంటేనే సుఖం. ఆధార్‌ను నమ్ముకుని పోవద్దు. తాప్లేజుంగ్ దాటితే ఏటీఎంలు లేవు, యూపీఐ లేదు. మన వంద వాళ్ల నూట అరవై, అక్కడే మార్చుకుని నోట్లు దగ్గర పెట్టుకోండి. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు 6,000 మీటర్ల దాకా హెలికాప్టర్ రెస్క్యూ ఉందని పాలసీలో రాసి ఉందా చూడండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఉండదు.

డబ్బు ఎక్కడ తగ్గించాలని అడిగితే, బట్టల్లో తగ్గించండి. స్లీపింగ్ బ్యాగు, డౌన్ జాకెట్ అద్దెకు తీసుకోండి. రెస్టు రోజుల్లో, మనుషుల్లో తగ్గించొద్దు. ఇద్దరికి ఒక పోర్టర్, ఇద్దరి సామాను కలిపి 20 కిలోలు దాటకుండా. పోర్టర్లు పత్తి ప్యాంటుతో, పలచటి బూట్లతో లోనక్‌కు రావడం ఇప్పటికీ కనిపిస్తుంది. చాలామంది కింది లోయల్లో యాలకుల తోటల్లో పనిచేసేవాళ్లు, మనలాగే వాళ్లకూ ఎత్తు పడదు, వాళ్లకూ ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, ఉద్యోగం పోతుందని చెప్పుకోరు. మొదటి రోజే అతని పేరు అడగండి, బూట్లు, చేతి తొడుగులు, చలికోటు, దుప్పటి ఉన్నాయా చూడండి, లేకపోతే తాప్లేజుంగ్‌లోనే ఏజెన్సీతో ఇప్పించండి. రోజూ సాయంత్రం మీ తలనొప్పి గురించి గైడు అడిగినట్టే అతణ్ణి కూడా అడగమనండి. పోర్టర్ల పేరు మీద ఇన్సూరెన్సు కట్టిన కాగితం అడ్వాన్సు ఇచ్చేముందే చూపించమనండి. చూపించకపోతే వేరే ఏజెన్సీని చూసుకోండి.